సిమెంటు వాకిలి కింద నా మొరం

మొదటే ఒక మాట. నాది ఉద్యోగం కాదు, కూలి అనుకునేవాళ్ళు ఈ పేజీ ఇక్కడే మూసేయవచ్చు. దిమ్మిస పట్టి నేల గట్టిపరచడం నా పని. పొడుగు కర్రకు బిగించిన ఇనుప ముద్దను ఎత్తి వేయడం, ఎత్తి వేయడం. దానితోనే మొదలుపెట్టి, సర్కారు కట్టడాల శాఖలో మేస్త్రిగా రిటైరయ్యాను. అక్షరాలు దిద్దింది మాత్రం నలభై దాటాక, కూలీల బడిలో. అందుకే నా రాత నెమ్మది. నోరు మొదటి నుంచీ చురుకే.

గచ్చిబౌలిలో ఆఫీసు బస్సులు దిగి, అద్దాల మేడల ముందు నున్నటి నేల మీద టకటకా నడిచిపోయే పిల్లల్ని చూస్తుంటాను. ఒక్కరూ కిందికి చూడరు. చూడనక్కర్లేదు కూడా. నేల మంచిదైతే దాన్ని ఎవరూ తలుచుకోరు, తలుచుకున్నారంటే ఎక్కడో పగిలిందన్నమాట. అయినా మీ కాళ్ళ కింద ఏముంటుందో, అది అక్కడికి ఎలా చేరుతుందో చెప్పాలని నాకు ఉబలాటం. మేడల సంగతి ఎందుకు, ఒక ఇంటి వాకిలి చాలు.

పోలీసు యాక్షన్ అయిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. కొండాపూర్ అప్పుడు మట్టిగోడల ఊరు. చుట్టూ జొన్నచేలు, గుట్టలు, గుట్టల మీద ఎవరో పేర్చినట్టుండే బండలు. మాది ఆడవాళ్ళ దిమ్మిస ముఠా. పట్నంలో పెద్దిళ్ళకు సున్నపు గచ్చులు కొట్టేవాళ్ళం. ముఠాకు పెద్ద మా అత్త. ఆమె ఒక నేల మీద నడిచిందంటే ఎక్కడ బోలుగా ఉందో మడమతో చెప్పేది. ఆ ఏడు బండి మీది నుంచి పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వెదురుబద్దల కట్టుతో వచ్చి, తన దిమ్మిస తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"పిల్లా, ఇగ నువ్వే సూస్కో. నేను గోడకు కూసుంట. నోరు మెదప."

నోరు మెదపదట! ముఠాలో ఉన్నవాళ్ళందరం ముసిముసిగా నవ్వుకున్నాం. మా తోడికోడలు మాత్రం నవ్వలేదు. వయసులో నాకంటే పెద్దది, ఆ దిమ్మిసా దానితో వచ్చే ముఠా పెద్దరికమూ తనకు రావాలనుకుంది. ఆమె అనుకోవడంలో తప్పేమీ లేదు. నాకిచ్చినందుకు నేను సిగ్గుపడలేదు, అది కూడా నిజమే.

అప్పుడు వచ్చిన పనే కొండాపూర్ పటేలు ఇంటి వాకిలి. ఆ ఇల్లు చెరువు వైపు పల్లంలో ఉండేది. వాకిలంతా నల్లరేగడి. వానాకాలం వస్తే అడుగు వేసిన చోట కాలు దిగబడేది, ఎండాకాలం వస్తే పగుళ్ళలో చెయ్యి పట్టేది. కిందటి వానల్లో పటేలు తల్లి ఆ వాకిట్లోనే జారిపడి తుంటి దెబ్బతిన్నది. అప్పటి నుంచి అవ్వ కట్టె పట్టుకొని నడిచేది. పటేలుకు తల్లంటే ప్రాణం. ఊళ్ళో ఎవరికీ లేని సిమెంటు వాకిలి వేయిస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. సిమెంటు దొరకడమే గగనంగా ఉన్న కాలంలో ఎట్లాగో బస్తాలు సంపాదించాడు.

సిమెంటు పోయడానికి పట్నం నుంచి ఒక తాపీ మేస్త్రి వచ్చాడు. కోస్తా మనిషి. ఎక్కడో ఆనకట్ట పనిలో సిమెంటు నేర్చుకొని ఇటు చేరాడు. మనిషి మర్యాదస్థుడే. కానీ ఆ మర్యాదలోనే చురక పెట్టేవాడు.

"చూడమ్మా, పైన సిమెంటు నాదండి, కింద నేల మీదండి. పగిలిందంటే జనం నన్ను తిడతారు. నేను మిమ్మల్ని తిడతాను."

"తిట్టుడేందుకు? నేను ముందే సెప్తున్న, పగలది," అన్నాను.

"అయితే సరేనండి. ఇది నిలిచిందా, పట్నంలో నా పనులన్నిటికీ మీ ముఠానే పిలుస్తాను. లేదంటే మగాళ్ళ ముఠాలు ఉండనే ఉన్నాయి."

సున్నపు గచ్చుల కాలం అయిపోతోందని మాకు తెలుసు. పట్నంలో ఎక్కడ చూసినా సిమెంటు మాటే. సిమెంటు మేస్త్రులు మమ్మల్ని పిలవకపోతే మాకు మిగిలేది గుట్ట కింద రాయి కొట్టడం. మా ముఠాలో ఇద్దరు అక్కడి నుంచి దగ్గు పట్టి వచ్చినవాళ్ళే. ఆ ఇద్దరినీ మళ్ళీ ఆ దుమ్ములోకి పంపకూడదని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. అందుకే ఆ వాకిలి నాకు వాకిలి మాత్రమే కాలేదు.

పని మొదలుపెట్టగానే నల్లమట్టి మొత్తం తోడించాను, మోకాలి లోతు. పటేలు మీసం మెలేస్తూ వచ్చి నిలబడ్డాడు.

"ఏందే, గింత గట్టిగ రాయి లెక్క ఉన్నది గద మట్టి. ఎందుకు తోడుతున్నవ్?"

"ఎండకాలంల అందరు గట్టిగనే ఉంటరు పటేలా. వానకాలంల సూడాలె."

ఆయన నవ్వాడు. నవ్వించగలిగితే సగం పని అయినట్టే, ఇది అత్త దగ్గర నేర్చుకున్న విద్య. గచ్చిబౌలి గుట్టల నుంచి బండ్ల మీద ఎర్ర మొరం, అదే గరుసు మట్టి, తోలించాడు. మొరానికి ఒక గుణం ఉంది. నీళ్ళు తాగి ఉబ్బదు, ఎండకు ముడుచుకోదు, కొట్టినకొద్దీ ఒకదానిలో ఒకటి కరుచుకుంటుంది. కానీ ఒకేసారి కుప్ప పోసి కొడితే పైన గట్టి, లోపల డొల్ల. జానెడు మందాన పరచాలి, తడపాలి, కొట్టాలి. మళ్ళీ పరచాలి. తడి ఎక్కువైతే దిమ్మిసకు అంటుకొని వస్తుంది, తక్కువైతే దుమ్ము లేస్తుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు.

అత్త గోడకు ఆనుకొని కూర్చునేది. మాట నిలబెట్టుకుంది, నోరు మెదపలేదు. కానీ మేం ఎక్కడైనా తప్పు చేస్తే దగ్గేది. నీళ్ళు ఎక్కువ పోస్తే ఒక దగ్గు. మూల వదిలేస్తే రెండు దగ్గులు. నిజంగా దగ్గు వచ్చినప్పుడు కూడా మేం పని ఆపి దిక్కులు చూసేవాళ్ళం.

ఒక రోజు మేం అన్నాలకు వెళ్ళి వచ్చేసరికి పటేలు జత ఎద్దుల్ని మొరం మీద గుండ్రంగా తిప్పుతున్నాడు! కళ్ళంలో వరి తొక్కించినట్టు నేల తొక్కిస్తే మా శ్రమ తప్పుతుందని ఆయన దయ. గట్టిపడిన పొరంతా గిట్టల గుంటలు. నాకు ఒళ్ళు మండింది.

"పటేలా, ఎడ్లకు కూలి ఇస్తవా, మాకు ఇస్తవా?"

"జర సాయం జేస్తామని..."

"నీ సాయం సల్లగుండ! ఎద్దు తొక్కితే వడ్లు రాల్తయి, నేల గట్టివడది. తోలుకపో."

ఆ మధ్యాహ్నం దిమ్మిస పాటలో పటేలు మీసాలూ ఎద్దుల కొమ్ములూ కలిసిపోయాయి. పాట నేనే కట్టాను. ఆయన అరుగు మీద కూర్చొని అంతా విన్నాడు, కోపం తెచ్చుకోలేదు. మా తోడికోడలు అందరికంటే గట్టిగా పాడింది. ఆ రోజు నుంచి ఆమెకూ నాకూ మాటలు కలిశాయి.

నేల తయారైందని ఎట్లా తెలుస్తుంది అని అడుగుతారు. చెవికి తెలుస్తుంది. దిమ్మిస పడ్డప్పుడు మొదట్లో ధబ్బుమంటుంది. గట్టిపడినకొద్దీ చప్పుడు పైకి లేస్తుంది. చివరికి ఠంగుమని చేతిలోకి తిరిగి కొడుతుంది. నేల మొత్తం ఒకే గొంతుతో పలకాలి. పలికింది. గడప దగ్గర కడవతో నీళ్ళు పోశాను, నీళ్ళు ఎక్కడా ఆగకుండా వీధి వైపు నడిచి వెళ్ళాయి. సాయంత్రం తాపీ మేస్త్రి వచ్చి అటూ ఇటూ తిరిగి మడమతో తన్ని చూశాడు.

"బాగుందండి. రేపు పోసేద్దాం."

అత్త దగ్గలేదు. నేను గుడిసెకు వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి మేం వచ్చేసరికి వాకిట్లో నా మొరం కనబడలేదు. ఆకుపచ్చగా, తడితడిగా, అద్దంలా అలికిన నేల ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా పెద్ద పద్మాల ముగ్గు. మధ్యలో పసుపు కుంకుమలు, బంతిపూలు. అంత అందమైన ముగ్గు నేను అంతకుముందు చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. అయినా చేతిలోని దిమ్మిస అక్కడే పడేశాను.

"ఎవలు జేసిన్రు గిది?" అని అరిచాను.

పటేలు కోడళ్ళు ఇద్దరూ చేతులకు పేడ ఇంకా ఆరకుండానే తలుపు చాటుకు జరిగారు. అవ్వ కట్టె పొడుచుకుంటూ బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నేనే జేపిచ్చిన. నేను ఈ ఇంటికొచ్చిన కాన్నుంచి పొద్దుగాల సానుపు సల్లని దినం లేదు. సిమెంటు వడ్డంక ఇగ అలుకుడెక్కడిది? ఆఖరు పాలి గద బిడ్డా. మంచిగ మందంగ అలికిచ్చిన."

మందంగా అలికించింది. సానుపు అని పేడనీళ్ళు కూడా ధారాళంగా చల్లించింది. ఆ ఇంటి కోడలినైతే నేనూ అదే చేసేదాన్ని. వాకిలికి వీడ్కోలు చెప్పాలంటే మా ఆడవాళ్ళకు వేరే ఏం తెలుసు? కోపం సగంలోనే ఆగిపోయింది, కానీ పని సంగతి ఆగదు కదా. పేడ పొర మీద సిమెంటు పోస్తే ఆ పొర కుళ్ళి, ఎండి, సన్నటి ఖాళీగా మిగులుతుంది. ఖాళీ మీది పలక మనిషి నడిస్తే చాలు, పగులుతుంది.

అంతలో తాపీ మేస్త్రి బండి వచ్చింది. కంకర, ఇసుక, బస్తాలు, మనుషులు, అన్నీ సిద్ధం. కోకాపేట వైపు ఆకాశంలో మబ్బు నల్లగా లేస్తోంది. వాన పడితే బస్తాలు రాళ్ళవుతాయి, మళ్ళీ సిమెంటు ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. ఆయన ముగ్గు వంకా మబ్బు వంకా చూసి గొంతు తగ్గించాడు.

"పోసేద్దామమ్మా. పైకి ఏం కనబడుతుందండి? గీకుతూ కూర్చుంటే మొదటికే మోసం వస్తుంది."

నేను దిమ్మిస తీసుకొని, ముగ్గు తొక్కకుండా ఒక మూల వేశాను. ధబ్బుమంది. ఇంకో చోట వేశాను. ధబ్బు. నిన్న ఒకే గొంతుతో పలికిన నేల మూగదైపోయింది. పై మొరం కూడా ఆ నీళ్ళకు బురదయింది.

అత్త వైపు చూశాను. ఒక్క దగ్గు దగ్గితే చాలనుకున్నాను. ఎటూ తేల్చుకోలేనప్పుడు పెద్దవాళ్ళు తేల్చేస్తే ఎంత హాయి! అత్త నా కళ్ళలోకి చూసింది. దగ్గలేదు. నా పని నాకే వదిలేసింది.

"తియ్యాలె," అన్నాను. "మొత్తం తియ్యాలె. మొరం మల్ల కొట్టి ఇస్త. పొద్దు నడినెత్తికి రాకముందే ఇస్త. ఇయ్యకపోతే రేపటి నుంచి నన్ను పిలువకు మేస్త్రీ."

పార చేతికి తీసుకున్నానో లేదో, అవ్వ వెళ్ళి ముగ్గు నట్టనడుమ కూర్చుంది. తుంటి నొప్పితో ఆమె అట్లా నేల మీద కూర్చోవడం కిందటి వానాకాలం తర్వాత అదే మొదటిసారట. పటేలు పరేషాన్ అయిపోయాడు.

"అమ్మా, లే అమ్మా. మల్ల నొప్పి లేస్తది."

"ముగ్గు మీద పార వెడ్తరా? పెట్టుండ్రి. ముందుగాల నా మీద వెట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. మబ్బు మాత్రం కదులుతోంది. నేను పార పక్కన పెట్టి వెళ్ళి ఆమె ఎదురుగా చతికిలబడ్డాను. పటేలు ఇంటి వాకిట్లో, ముగ్గు మధ్య, పటేలు తల్లికి ఎదురుగా కూర్చోవడం ఆ రోజుల్లో మాబోటి వాళ్ళు చేసే పని కాదు. ఆ సంగతి నాకు తర్వాత గుర్తుకొచ్చింది.

"అవ్వా, నువ్వు జారివడ్డది ఈడనే గద?"

"ఈడనే."

"గీ పెండ ఉంచి పైన పోస్తే వానలకు పలక పగుల్తది. పగులుల నీ కట్టె ఇరుకుతది. మల్ల వడ్తవ్. నీ కొడుకు గింత తండ్లాడింది ఎందుకు మరి?"

"పడితే పడ్త," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముగ్గు లేని వాకిలి పీనుగెల్లిన ఇల్లు లెక్కనే. రేపు పొద్దుగాల లేసి నేనేం జెయ్యాలె?"

అప్పుడు నాకు తట్టింది. ఆమె పట్టు ఈ ముగ్గు గురించి కాదు, రేపటి ముగ్గు గురించి. సిమెంటు గురించి మాట్లాడిన మగవాళ్ళెవరికీ, నాకూ కూడా, ఆ రేపు కనబడలేదు.

"అవ్వా, వీధి దిక్కు నీకు బారెడు మట్టి నేల మిగులుస్త. సిమెంటు ఆడిదాంక రాదు. గా నేలను నేనే కొట్టి ఇస్త. దినాం అలుకు, సానుపు సల్లు, ముగ్గు వెట్టు. ఎవ్వడు అడ్డం రాడు."

తాపీ మేస్త్రి చేతులు ఎత్తేశాడు. "అంచు మధ్యలో ఆపితే విరుగుతుందండి. వాన నీళ్ళన్నీ ఆ మట్టిని కోసుకుపోతాయి."

"అంచుకు బండలు నిలువుగ పాతుదం. నీళ్ళకు మోరీ పక్కకు తిప్పుదం. ఫికర్ జెయ్యకు, గది నా పని."

ఆయన ఆలోచించాడు. మబ్బు వైపు చూశాడు. "సరేనండి, కానివ్వండి," అన్నాడు.

అవ్వ తన ముందున్న కుంకుమ చిటికెడు తీసి కొంగున కట్టుకుంది. వంగి, తన చేత్తోనే ఒక పద్మాన్ని గీకి ఆ తడి మట్టి నా తట్టలో వేసింది.

"పట్టుండ్రే. సూస్తరేంది?" అని కోడళ్ళను కసిరింది.

ఇక చూడాలి ఆ సంబరం! పటేలు కోడళ్ళు చీరలు ఎగదోపి మాతోపాటు గీకారు. గీకిన పేడమట్టి అంతా పారేయలేదు, వీధి వైపు అవ్వకు మిగిల్చిన నేల మీదికే చేర్చాం. బురదైన పై పొర తీసి, మిగిలిన పొడి మొరం పరిచి, దిమ్మిసలు ఎత్తాం. పాట పాడడానికి ఊపిరి లేదు. మా తోడికోడలు నా పక్కనే నిలబడి నా దెబ్బకు తన దెబ్బ కలిపింది. దగ్గు ఉన్న ఆ ఇద్దరిని బండల పని చూసుకోమన్నాను, వినలేదు, వాళ్ళూ కొట్టారు. పొద్దు నెత్తికెక్కకముందే నేల ఠంగుమంది. ఈ మూల, ఆ మూల, నట్టనడుమ. తాపీ మేస్త్రి మడమ కూడా వేసి చూడలేదు. చప్పుడు విని, "పోయండిరా," అన్నాడు తన మనుషులతో.

మబ్బు చాలాసేపు ఊరించి, సాయంత్రానికి నాలుగు చినుకులు రాల్చి పోయింది. అప్పటికి పలక గట్టిపడి, దాని మీద తడి గడ్డి కప్పి ఉంది. అవ్వ మట్టి నేల కూడా కొట్టి ఇచ్చేశాను.

ఆ వాకిలి పగల్లేదు. తాపీ మేస్త్రి మాట మీద నిలబడ్డాడు. ఆయన బతికి ఉన్నంత కాలం మా ముఠాకు పని తక్కువ కాలేదు, మా వాళ్ళెవరూ మళ్ళీ గుట్ట కిందికి పోలేదు. ఈ మధ్య ఆ ఇల్లు తీసి అపార్టుమెంటు కడుతుంటే వెళ్ళి నిలబడ్డాను. యంత్రం పలకను లేపుతుంటే కింద నా మొరం ఎర్రగా, ఒక్క గుంట లేకుండా కనిపించింది. యంత్రం నడిపే కుర్రవాడికి చెప్పాను, "గిది నేను కొట్టిన నేల," అని. "అవునా అమ్మమ్మా, అందుకే ఊడి వస్తలేదు," అన్నాడు. ఇంటికొచ్చి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సిమెంటు పోసిన మర్నాడు పొద్దున గడ్డికి నీళ్ళు చల్లడానికి మేం వెళ్ళాం. వీధి వైపు మట్టి నేల అప్పటికే అలికి ఉంది. అవ్వ కట్టె మీద ఆనుకొని, రెండో చేతిలో ముగ్గు గిన్నెతో నిలబడి ఉంది. అప్పటిదాకా మా ముఠాలో, ఊళ్ళో, పట్నంలో ఒక ఆడదాన్ని మేస్త్రి అని పిలిచిన వాళ్ళు లేరు. అత్తను కూడా ఎవరూ పిలవలేదు.

"ఓ మేస్త్రీ," అని కేకేసింది అవ్వ. "గిటు రా. నీ నేల మీద మొదటి గీత నువ్వే గియ్యి."

గోడ దగ్గర అత్త దగ్గింది. వెనక్కి తిరిగి చూశాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

నాకు దిమ్మిస పట్టడం వచ్చు గానీ ముగ్గు వేయడం ఎన్నడూ రాలేదు. గిన్నెలో వేళ్ళు పెట్టి గీత గీశాను. వంకరగా వచ్చింది. అవ్వ దాన్ని దిద్దలేదు, ఆ వంకర పట్టుకొనే పద్మం వేసుకుంటూ పోయింది. నా చేతి పనుల్లో వంకరగా వచ్చినా తీసి మళ్ళీ చేయనిది అదొక్కటే.